ఎడమామె, కుడామె

పెంటప్పకు ఈ లోకంలో ఒకే ఒక్క పట్టింపు ఉంది. తన ఇనుప పొయ్యి మీదున్న రెండు ప్లేట్లు. వాటి మీద నీటి చుక్క పడకూడదు, గిన్నె జరపకూడదు, మూత తెరిచిపెట్టి కబుర్లలో పడకూడదు. మిగతా విషయాల్లో అంతటి మెతక మనిషి నీలం నగర్ మొత్తం వెతికినా దొరకడు.

మూతపడ్డ ఒక మిల్లు మేనేజరు బంగళాలో సామాను తుక్కు కింద అమ్ముతుంటే అందరూ మంచాలు, ఫ్యాన్లు తెచ్చుకున్నారు. ముప్ఫై ఏళ్లు మరమగ్గాలు బాగుచేసిన పెంటప్ప మాత్రం ఏనుగు పిల్లంత పోత ఇనుప పొయ్యి తెచ్చాడు. ఆరుగురు మోశారు. తలుపు చాలక వంటింటి గోడ పగలగొట్టారు. పొయ్యి పైన రెండు గుండ్రటి మందపాటి ప్లేట్లు, ఒక్కోదానికి బరువైన మూత. మంట ఎడమదాని కిందే ఉంటుంది, కుడిదానికి సెగ మాత్రమే చేరుతుంది. మగ్గాల్లో విరిగిన చెక్క నాడెలు, చెక్కముక్కలు పెట్టి వెలిగిస్తాడు.

"ఎడమామెకు కోపం జాస్తి. కుడామె నిమ్మళం," అని వచ్చినవాళ్లందరికీ పరిచయం చేస్తాడు. భార్య పోయిన మనిషి, ఇంట్లో ఇద్దరామెలు! గల్లీ నవ్వుకుంది. ఒకసారి సర్వేకి వచ్చిన అమ్మాయి పేర్లు రాసుకుంటుంటే, ఆయన లోపలికి కేకేశాడు: "ఆరతీ, ఎడమామె నెత్తిన మూతేసినవా? కుడామెను తుడిచినవా?" ఆ అమ్మాయి పెన్ను ఆగిపోయింది. "కాకా, ఘరాత నక్కీ కితీ జణ్?" అని మరాఠీలో అడిగింది. ఇంట్లో అసలు ఎందరున్నారో తేల్చుకోలేక, పాపం.

ఆరతి ఆయన కోడలు. కాపురానికి వచ్చిన మూడో రోజే ఎడమామె మీద పాలు పొంగించింది. కంగారుగా తడిబట్ట అందుకోగానే పెంటప్ప గాల్లోకి ఎగిరాడు.

"వద్దూ! వేడి ఇనుముకు నీళ్లు తాకితే పగుల్తది!"

"మరి పాలు మాడుతున్నయి మామా!"

"మాడనీ. ఎండినంక తీగ బ్రష్‌తోని గీకాలె. పొడి గుడ్డతోని తుడవాలె. చల్లారినంక ఇంత నూనె పుయ్యాలె. నువ్వు మొకానికి క్రీము పూస్తవు గద, గట్లనే."

ఆ సాయంత్రం ఆరతి భర్త ముందు ఏడుపు మొహం పెట్టింది. వాసుదేవ్ నవ్వాడు.

"నీకింకా తెల్వదు. పెండ్లిచూపులకు మీ ఇంటికొచ్చినప్పుడు మా నాయన నిన్ను చూడనే లేదు. సీదా వంటింట్లకు పోయి గిన్నెలు తిరగేసి చూసిండు. 'అడుగులు సాపుగున్నయి, సంబంధం ఖాయం' అన్నడు."

అడుగు సొట్టపడిన గిన్నెకు ఆ పొయ్యి మీద చోటు లేదు మరి. సొట్ట ఉన్నచోట ప్లేటు ఆనదు, వేడి ఎక్కదు. ఆరతి పుట్టింటి పప్పు గిన్నెను ఆయన స్కేలు పెట్టి కొలిచి, "గిది పరాయి గిన్నె," అని అటక ఎక్కించాడు.

ఇవన్నీ ఆరతి ఓర్చుకుంది. ఓర్వలేనిది ఒకటే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, తనకు పని లేని రోజైనా సరే, వంటింట్లోకి ఎవరూ రాకూడదు. ఎందుకంటే, "ప్లేట్లు పడుకున్నయి."

"ఆదివారం దాన్ని పెరట్లకు తోసేయాలె. లేకుంటే నేను పెరట్ల ఉంట," అని ఆరతి భర్తకు తేల్చి చెప్పింది. వాసుదేవ్ ఆరుగురికి కబురు పెట్టాడు.

శుక్రవారం ఆరతి పనిచేసే యూనిఫారాల కుట్టు కార్ఖానాలో కరెంటు పోయింది. రెండున్నరకే ఇంటికొచ్చింది. పడుకున్న ప్లేట్ల దగ్గర మాటలు వినిపిస్తున్నాయి. తలుపు సందులోంచి చూసింది.

ఎదురింటి లక్ష్మి స్టూలు మీద కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషి, ఒంటరిది. ముందు పళ్లెంలో జొన్నరొట్టెలు. పెంటప్ప చేతులు కట్టుకుని తీర్పు కోసం నిలబడ్డాడు.

"చెప్పు లక్ష్మక్కా. ఏది మంచిగ కాలింది?"

"ఎడమదాని మీదిది మాడింది. కుడిదాని మీదిది పచ్చిగుంది."

"అట్లనా? అయితే ఇంకోటి కాల్చి చూడాలె. పప్పుల ముంచుకొని తిను. ఉత్తగ తింటే రుచి తెల్వది."

అంతలో కోడలిని చూశాడు. వేలు పెదవి మీద పెట్టుకుని పిల్లిలా బయటికొచ్చాడు.

"గట్టిగ మాట్లాడకు బిడ్డా. నలభై ఏండ్లు బీడీలు చుట్టిన చేతులు, ఇప్పుడు వేళ్లు వంగుతలేవు. రొట్టె తట్టరాదు. పెడితే తినదు. 'నేనేమన్న అడుక్కుంటున్ననా' అంటది. అందుకే ప్లేట్లు పరీక్ష చేసిపెట్టమన్న."

"ఎన్ని దినాల సంది?"

"ఏడు నెలలు."

"ఏడు నెలలు పరీక్షేనా మామా?"

"ఎండకాలం ఒక తీరు, వానకాలం ఒక తీరు కాలుతయని చెప్పిన," అన్నాడు పెంటప్ప దొంగచూపు చూస్తూ. "నమ్మింది. అమాయకురాలు."

ఆరతికి కళ్లు చెమర్చబోయి నవ్వొచ్చింది. ఆ సాయంత్రమే ఆరుగురికీ రావద్దని వాసుదేవ్‌తో ఫోన్ చేయించింది.

మర్నాడు గుత్తొంకాయ కూర చేసి, అది కూడా పరీక్షకే అన్నట్టు, తానే లక్ష్మి ఇంటికి పట్టుకెళ్లింది. లక్ష్మి ఆమెను లోపలికి లాగి తలుపేసింది.

"బిడ్డా, మీ మామ చేసిన రొట్టె నువ్వెప్పుడన్న తిన్నవా?"

"లేదు పెద్దమ్మా."

"తినకు. చెప్పులకు అట్ట వెయ్యొచ్చు."

ఆరతి తెల్లబోయింది. "మరి ఏడు నెలల సంది ఎట్ల తింటున్నరు?"

"ఏం చెయ్యను? నీ అత్త, నేను జానీ దోస్తులం. ఆమె పోయినంక ఆమె ముచ్చట ఎవ్వరితోని ఎత్తలేదు మీ మామ. ఇప్పుడు రెండు గంటలు నా ముందట కూసొని ఆమె సంగతులే చెప్తడు. నేను రొట్టె మంచిగున్నదంటే పరీక్ష అయిపాయె గద! అందుకే దినాం ఒక వంక పెడుత." లక్ష్మి గొంతు తగ్గించింది. "ఆయనకు చెప్పకు. నన్ను ఏమార్చిననుకుంటున్నడు. అమాయకుడు."

ఆరతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లక్ష్మి కూర గిన్నె దగ్గరికి జరుపుకుని, వంగని వేళ్లతోనే ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది.

"ఇది దినాం తే బిడ్డా," అంది. "ఆ రొట్టె గొంతు దిగాలె గద."