నొప్పి అన్నచోట ఆపాలి

ఆళ్లగడ్డ పక్క పల్లెలో, ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేస్తున్నాను అప్పుడు. కీళ్లు పట్టేసినవాళ్లు ఫిజియోథెరపీ కోసం పట్నాలకు తిరగకుండా మా దగ్గరే చేయించాలని నంద్యాలలో మాకు శిక్షణ పెట్టారు. చివరి రోజుకు ఎవరైనా ఒక పేషెంటును తీసుకురావాలన్నారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. శిక్షణ ఇచ్చే సారు కంట్లో పడాలని నా ఆరాటం, ఇంకేం లేదు.

శిల్పాల షెడ్డులో రాతి విగ్రహాలకు నునుపు పట్టే ఒకామె మా కేంద్రానికి వచ్చేది. కుడి భుజం పట్టేసింది. చెయ్యి తల దాకా పోదు గానీ భుజం ఎత్తుకు లేస్తుంది. దాంతోనే ఎలాగో పని నెట్టుకొస్తోంది. "పెద్దసారు చూస్తాడక్కా, బాగైతాది" అని బస్సెక్కించాను. దారిలో ఇంకో మాట కూడా చెప్పాను.

"ఆడ అందరూ పెద్దోళ్లుంటారు. అబ్బా, అమ్మా అని అరిచి నా పరువు తీయొద్దు."

"అరుస్తానామ్మా? నేనేమన్నా చిన్నపిల్లనా?" అంది.

హాల్లో ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టారు. సారు పద్ధతి చెప్పాడు. చెయ్యి మెల్లగా పైకి లేపాలి, నొప్పి అన్నచోట ఆపాలి, ఎంత లేచిందో కొలిచి రాసుకోవాలి. ఇరవైమందిమి వరసలో నిలబడ్డాం. ఒక్కొక్కరే వచ్చి లేపారు. ఆమె నొప్పి అనలేదు. అనకపోయేసరికి ఇంకాస్త, ఇంకాస్త. ఎద్దు పుండు కాకికి ముద్దు కదా. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మెడ మీద చెమట కారిపోతోంది. ఎందుకు అనడం లేదో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. నేను ఒక్క మాట అంటే ఆగేది. అనలేదు. చెప్పుతో కొట్టాలి నన్ను. సారు ఫోన్ చూసుకుంటూ, "మంచి పేషెంటును తెచ్చావమ్మా" అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది.

నా వంతు చివర వచ్చింది. అందరికంటే పైకి లేపాను. లోపల ఏదో పటుక్కుమన్నట్టు నా చేతికి తెలిసింది. ఆమె కళ్లు తేలేసింది. "చూశారా, ఎంత లేచిందో!" అన్నాను నవ్వుతూ. చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం ఇచ్చిన బిర్యానీ పొట్లం ఆమె ఎడమచేత్తో తిన్నది.

పదిహేను రోజులకు మళ్లీ కేంద్రానికి వచ్చింది. చెయ్యి పక్కకు అతుక్కుపోయి ఉంది. రవిక హుక్కులు కోడలు పెట్టాల్సి వస్తోందట. షెడ్డులో ఆమె చోట ఇంకొకామెను కూర్చోబెట్టారట.

"ఇట్లయిందేందిమ్మా? ముందు కొంచెమన్నా లేస్తాండె."

తప్పు నాది అని చెప్పబోయాను. పక్క కుర్చీలో మా డాక్టరు ఉన్నాడు. శిక్షణలో నాకే బాగా వచ్చిందని, ఇకమీదట భుజాల కేసులన్నీ నావేనని ఆ పొద్దునే అన్నాడు.

"ఇంట్లో చేసుకోమన్న వ్యాయామం చేస్తాండావా లేదా?" అని కసిరాను. నేను ఆమెకు ఏ వ్యాయామమూ చెప్పలేదు.

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది.

"చేయలేదు సార్, నాదే తప్పు. ఆయమ్మను ఏమనాకండి. ఆయమ్మ శానా చెప్పింది."

అవునన్నట్టు నేను తల ఊపాను.