ఓడోళ్ల ఇల్లు

మొన్న శ్రీకాకుళంలో మా అమ్మాయిని జుట్టు సాపు చేయించడానికి పార్లరుకు తీసుకెళ్లాను. వేడి పలకల మధ్య రింగుల జుట్టు పాయ పాయగా సాపవుతుంటే కమురు వాసన లేచింది. అద్దంలో చూసుకుని పిల్ల మురిసిపోతోంది. నేను మాత్రం బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

మా నానమ్మది అదే జుట్టు. కళింగపట్నం దగ్గర ఇసకదిబ్బల వెనక మా పల్లె. తెల్లారగానే నానమ్మ వాకిట్లో కూర్చుని, గోరువెచ్చని ఆముదం అరచేతిలో పోసుకుని, ముందు తన తలకీ, తర్వాత నాన్నకీ, దానయ్య చిన్నాన్నకీ, నాకూ, తమ్ముడికీ ఒక్క వెంట్రుక లేవకుండా అదిమి అదిమి రాసేది. అయినా మధ్యాహ్నానికల్లా మా జుట్టు మళ్లీ ఉంగరాలు తిరిగేది. ఊళ్లో మాది ఓడోళ్ల ఇల్లు. ఆ పేరు ఎందుకొచ్చిందో అడిగితే నానమ్మ లేచి వెళ్లిపోయేది.

ఎండాకాలం వస్తే ఒడ్డంతా ఆరబోసిన నెత్తళ్ల వాసన, ముంజికాయలతో చేసుకున్న బండ్ల పరుగులు, అమ్మవారి పండక్కి ఇంటింటా వండే బూరెలు, పచ్చి మామిడికాయ వేసిన చేపల పులుసు. ఆ ఆటల మధ్య ఎప్పుడైనా దూరంగా నీళ్ల మీద ఓడ ఒకటి కదలకుండా ఆగిందంటే చాలు, నానమ్మ గొంతు మారిపోయేది.

“ఒసే గుంటా, తమ్ముణ్ని లాక్కుని లోపలికి రా.”

వలలు పెట్టే చీకటి గదిలోకి మమ్మల్ని తోసి, తలుపేసి, గుమ్మంలో కత్తిపీట పెట్టుకుని కూర్చునేది. తడి వలల నీచు వాసనలో తమ్ముడి నోరు నేనే మూసేదాన్ని. ఓడ కదిలిపోయేదాకా, ఒక్కోసారి పొద్దు వాలేదాకా, నానమ్మ మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఆమె భయం దేనికో తెలియకుండానే మాకూ పట్టుకుంది.

నా తొమ్మిదో ఏట వలలు ఖాళీగా రావడం మొదలైంది. గుజరాత్ బోట్ల మీదికి మనుషుల్ని తీసుకెళ్లే తండేలు ఒకడొచ్చి, మూడు పూటలా తిండి పెడతామని చెబితే చిన్నాన్న సరే అన్నాడు. ఆ మధ్యాహ్నం పొయ్యి ముందు కూర్చుని నానమ్మ మొదటిసారి నోరు విప్పింది.

“మా అవ్వకి ఏడేల్లప్పుడు తిండెడతామని పిలిసి ఓడెక్కించినారు. ఆల్లమ్మ ఒడ్డునే నిలబడి సూస్తా ఉన్నాదట. మల్లీ ఆ ఒడ్డు సూడనేదు. నిన్నూ తిండెడతామనే పిలస్తన్నారు.”

“అప్పటి రోజులు ఇప్పుడు నేవే అమ్మా. ఎండలకి వచ్చెస్తాను” అన్నాడు చిన్నాన్న.

ఆ ఒడ్డు ఆఫ్రికాదని, ఎవరో దొర ఆ పిల్లను ఇంటిపనికి తెచ్చి ఈ తీరాన వదిలేసి పోయాడని, ఎదిగాక ఆమెను మా పల్లె మనిషి ఒకడు పెళ్లాడాడని పెద్దయ్యాక నాన్న చెబితే తెలిసింది.

దీపావళి వెళ్లాక చిన్నాన్న ఫోన్ చేశాడు. బజారు బూత్‌లో నానమ్మ చెవికి రిసీవర్ నేనే పట్టుకున్నాను.

“అమ్మా, ఇక్కడ అచ్చం మనలాటోల్లు ఉన్నారే. సిద్దీలంట. నీ జుట్టే. ఆల్ల తాతలూ ఓడల్లోనే వొచ్చినారట. నన్ను సూసి, నువ్వు ఎవరింటోడివని అడిగినారు. అన్నం ఎట్టినారు.”

నానమ్మ రిసీవర్ నా చేతిలోంచి లాక్కుంది.

“ఆల్లింట్లోనే ఉండిపో. బోటెక్కకు” అంది.

మాఘమాసం నుంచి ఫోన్లు ఆగిపోయాయి. ఎండలకి మిగతా మగాళ్లంతా తిరిగొచ్చారు. మబ్బు కమ్ముకొస్తున్న ఒక సాయంత్రం చిన్నాన్న ఎక్కిన బోటు ఇంకా లోపలికే వెళ్తుండగా చూశామన్నారు. అంతకు మించి ఎవరికీ తెలీదు. శవం కూడా దొరకలేదు.

మర్నాటి నుంచి నానమ్మ తలకి ఆముదం ముట్టుకోలేదు. జుట్టు తల చుట్టూ నల్లగా లేచి నిలబడితే అలాగే ఒడ్డుకెళ్లి కూర్చుంది. ఆడవాళ్లు చేపలేరడం మానేసి చూశారు.

“సూడండి. మా అవ్వ జుట్టిది” అంది.

మరుసటేడు వానాకాలంలో నానమ్మ పోయింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ముందు వరస ఇళ్లన్నిటితో పాటు సముద్రం తినేసింది. ఓడోళ్లు అన్న మాట కూడా ఇప్పటి పిల్లలెవరికీ తెలీదు. పోయిన నెల మా తమ్ముడి కొడుకు గుజరాత్ బోట్లకి పేరిచ్చాడు. తిండికి లోటుండదట. వద్దని మూడు రోజులు చెప్పాను, ఓడెక్కిన పిల్ల దగ్గర్నుంచి వాడి చిన్నతాత దానయ్య సంగతి దాకా అన్నీ చెప్పాను. విన్నాడు. ఆమదాలవలస స్టేషన్‌లో రైలు కిటికీలోంచి తల బయటికి పెట్టి అడిగాడు.

“అత్తా, సిన్నతాతకి అన్నం ఎట్టినోల్లు కనపడితే, నువ్వు ఎవరింటోడివని అడుగుతారు కదా. ఓడలో వొచ్చిన మన ముసలమ్మ పేరేటి?”

మా ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎప్పుడూ అనగా నేను వినలేదు. నాన్న పోయాడు, నానమ్మ పోయింది, అడగడానికి మనిషి లేడు.

నాకు తెలీదురా అనేలోపే రైలు కదిలింది.