ఇన్నీసుపేట మెస్సులో చపాతీల భోజనం

1999 జూలైలో నన్ను విశాఖపట్నం నుంచి రాజమండ్రికి బదిలీ చేశారు. హోదా టూరిస్ట్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్. పేరు ఘనంగానే ఉంటుంది గానీ, ఆఫీసంటే స్టేషన్‌కి దగ్గర్లో ఒక గది, రెండు బల్లలు, గోడకి పాపికొండల ఫోటో, ఒక టెలిఫోను. నా కింద ఒక గుమాస్తా, ఒక గైడు. అంతే పటాలం.

మా శాఖ లెక్కలో అప్పటికి రాజమండ్రి 'ట్రాన్సిట్'. అంటే యాత్రికుడు రైలు దిగి, బస్సెక్కి, లాంచీ దగ్గరికి పోయే ఊరు. పాపికొండలు చూసి సాయంత్రానికి తిరిగొచ్చి మళ్ళీ రైలెక్కేస్తాడు. ఒక రాత్రైనా పడుకునే ఊరిని 'నైట్ హాల్ట్' అంటారు. ఈ రెండు మాటలకీ మధ్య చాలా తేడా ఉంది. హాల్ట్ అయితే ఆ ఊరికి గైడు కావాలి, సిటీ టూర్ బస్సు కావాలి, హోటళ్ళతో ఒప్పందాలు కావాలి. ట్రాన్సిట్ అయితే స్టేషన్ బయట ఒక బోర్డు చాలు. ఇంత చరిత్ర ఉన్న ఊరిని పట్టుకుని ట్రాన్సిట్ అంటుంటే నాకు ఒళ్ళు మండేది. నేను ఆ ఊరిదాన్ని కూడా కాదు, జంగారెడ్డిగూడెం వైపు మెట్టదాన్ని. అయినా సరే మండేది.

గైడు పేరు భాస్కరం గారు. నలభై అయిదేళ్ళ మనిషి, చరిత్రలో ఎం.ఏ. పదిహేనేళ్ళు ఒక ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పి, గైడు శిక్షణ పాసై, కాంట్రాక్టు మీద మా దగ్గర చేరారు. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవారు. గట్టు మీద నిలబడి, రైళ్ళు ఆపేసిన పాత వంతెన గురించి చెప్పడం మొదలుపెడితే పల్లీలు కొనుక్కునేవాళ్ళు కూడా ఆగి వినేవారు. ఆయన కాంట్రాక్టు 2000 మార్చి నెలాఖరుతో అయిపోతుంది. ఊరు హాల్ట్ కాకపోతే గైడు పోస్టు కొనసాగించనక్కర్లేదని హెడ్డాఫీసు జనవరిలోనే రాసింది. కాలేజీలో ఆయన చోట్లోకి అప్పటికే వేరొకరు వచ్చేశారు. వెనక్కి వెళ్ళే దారి లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

2000 ఫిబ్రవరిలో హెడ్డాఫీసు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఢిల్లీ, బొంబాయి టూర్ ఆపరేటర్లు ఆరుగురు 'ఫ్యామ్ ట్రిప్' మీద వస్తున్నారని. యాత్రికుల్ని పంపే ముందు ఆ ఊరు ఎలా ఉందో కంపెనీ వాళ్ళు స్వయంగా వచ్చి చూసుకునే ప్రయాణాన్ని మా భాషలో అలా అంటాం. మొదటి రోజు ఊరు, రెండో రోజు లాంచీ. చూసి నచ్చితే వచ్చే సీజను బ్రోచర్లో రాజమండ్రిని హాల్ట్‌గా వేస్తారు. నచ్చకపోతే మన కథ కంచికి.

ఫ్యామ్ ట్రిప్ నడపడంలో ఒక పద్ధతి ఉంది. ముందు రెక్కీ, అంటే అధికారి తానే ఆ దారంతా తిరిగి, ఎక్కడ ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకోవాలి. బస్సు ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం కూడా కలపాలి. చాలామంది అది మర్చిపోయి మధ్యాహ్నానికల్లా చతికిలపడతారు. నేను, భాస్కరం గారు రెండుసార్లు తిరిగాం. కోటిలింగాల రేవు, మార్కండేయస్వామి గుడి, కోటగుమ్మం బజారు, మ్యూజియం, భోజనం, ధవళేశ్వరం ఆనకట్ట, సాయంత్రం గోదావరి గట్టు. భోజనానికి పెద్ద హోటలు వద్దని నేనే పట్టుబట్టాను. ఇన్నీసుపేటలో సత్యవతి గారి మెస్సు పెట్టాను.

సత్యవతి గారిది కోనసీమ. అరవైకి దగ్గర పడిన మనిషి. పెంకుటింటి నడవలో రెండు వరుసల్లో చాపలు పరిచి, అరిటాకుల్లో వడ్డించేవారు. రోజూ వచ్చేవాళ్ళు ఓ పదిహేనుమంది: బ్యాంకు గుమాస్తాలు, లెక్చరర్లు, ఒక రిటైర్డు పోస్టుమాస్టరు. రెక్కీ రోజు అక్కడ నేను తిన్న ఆవపెట్టిన పనసపొట్టు కూర రుచి ఇప్పటికీ చెప్పగలను. నేను రెండోసారి పప్పు వద్దంటే, మెట్టవాళ్ళు మీకు తినడం రాదండీ అని నవ్వుతూనే ఇంకో గరిటె వేశారు. బయల్దేరుతూ ఆమెతో ఒక మాట అన్నాను. ఢిల్లీ, బొంబాయి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారండీ, కాస్త జాగ్రత్తగా చూసుకోండి అని. ఆమె చాలా శ్రద్ధగా విని, మీరేం బెంగపెట్టుకోకండి, నేను చూసుకుంటాను కదా అన్నారు. నేను నిశ్చింతగా రిక్షా ఎక్కాను.

వచ్చిన ఆరుగురికీ పెద్ద మెహతా గారని బొంబాయావిడ. కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడేది, చేతిలో చిన్న నోటుబుక్కు. మిగతా అయిదుగురూ ఆవిడ మొహం చూసి తల ఊపేవారు. పొద్దున్న రేవు చూశారు, గుడి చూశారు, మ్యూజియం చూశారు. అంతా సమయానికే జరిగింది. భాస్కరం గారు చాలా బాగా చెప్పారు. కానీ నోటుబుక్కు తెరుచుకోవడం లేదు. మ్యూజియం దగ్గర బస్సెక్కుతూ ఆవిడ నన్ను మర్యాదగానే అడిగింది. రేవులూ గుళ్ళూ మాకు కాశీలో ఉన్నాయి, ఉజ్జయినిలో ఉన్నాయి, మా వాళ్ళు ఇక్కడ ఒక రాత్రి ఎందుకు పడుకోవాలో నాకింకా అర్థం కాలేదు అని. భోజనం అయ్యాక ఇదే ప్రశ్న మళ్ళీ అడగండి అన్నాను. పొగరుగానే అన్నాను. భాస్కరం గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

పన్నెండున్నరకి మెస్సుకి చేరాం. గుమ్మంలో అడుగు పెట్టగానే లోపలికి చూశాను. నడవలో చాపలు లేవు. షామియానా కొట్టు నుంచి తెచ్చిన బల్లలు, వాటి మీద తెల్ల గుడ్డలు, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు పళ్ళాలు, చెంచాలు. పెరట్లో గాడిపొయ్యి దగ్గర ఎవరో వంటమనిషి, భిలాయిలో పనిచేసి వచ్చినవాడట, చపాతీలు కాలుస్తున్నాడు. పన్నీరు కూర, గోబీ మంచూరియా, జీరా రైసు. పన్నీరు విజయవాడ నుంచి తెప్పించారట. సత్యవతి గారు పట్టుచీర కట్టుకుని, ఎలా ఉందండీ ఏర్పాటు అన్నట్టు నావైపు చూశారు.

ఆమెను ఏమనగలను? మా గోదావరి జిల్లాల్లో మర్యాదంటే అదే. ఇంటికొచ్చినవాళ్ళకి వాళ్ళు తినేది పెట్టాలి. ఉత్తరాది వాళ్ళు చపాతీ తింటారు, పెద్దవాళ్ళు కింద కూర్చోరు. ఆమె తప్పేం లేదు. పెద్దవాళ్ళు అన్నది నేను.

అతిథులు కూర్చున్నారు. ఆరుగురూ పన్నీరు వైపు ఒకసారి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు ఒకసారి చూసుకున్నారు. మెహతా గారు నోటుబుక్కు తెరిచింది. ఆ రోజు ఆవిడ రాసిన మొదటి వాక్యం అదే, అదేమిటో నాకు చదవకుండానే తెలిసింది. భాస్కరం గారు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

అప్పుడు వంటింట్లోంచి పోపు వాసన వచ్చింది. ఆవపిండి, ఇంగువ. నేను లోపలికి వెళ్ళి చూద్దును కదా, ఒక గిన్నెలో పనసపొట్టు కూర, ఒక గిన్నెలో కందబచ్చలి, ముద్దపప్పు, ములక్కాడ పులుసు, అల్లం పచ్చడి, వేయించిన గుమ్మడి వడియాలు, గడ్డ పెరుగు. ఏంటండీ ఇవన్నీ అంటే, రోజూ వచ్చేవాళ్ళ కోసమండి, వాళ్ళని ఇవాళ ఒంటిగంటకి వెనక వరండాలోకి రమ్మన్నాను అన్నారు సత్యవతి గారు. ఇవి అతిథులకి పెట్టండి అని అడిగాను. ఆమె మొహం ఎర్రబడింది.

"వాళ్ళు నన్ను నమ్ముకుని వచ్చేవాళ్ళండి. వాళ్ళ అన్నం తీసి ఎవరికో ఎలా పెడతాను? వీళ్ళకి పెట్టడానికి ఇవేమన్నా విందు వంటలా?"

ఆ రెండు కారణాలూ ఆమెకి సమానమే. నేను ఆఫీసర్ని కాబట్టి గట్టిగా చెప్పగలను అనుకున్నాను గానీ, ఆ వంటింట్లో నా హోదా చెల్లదని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. వెనక వరండాలో ఆకులు అప్పటికే వేసి ఉన్నాయి. వెళ్ళి ఒక ఆకు ముందు కూర్చున్నాను. నాకు ఆకలిగా ఉందండీ, నాకు వడ్డించండి అన్నాను. ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపడం మా వైపు ఏ ఇల్లాలి వల్లా కాదు. ఆమె నన్ను కోపంగా చూసి, గిన్నె తెచ్చి, కూర వేశారు. గుమ్మంలోకి వచ్చిన భాస్కరం గారికి సైగ చేశాను. ఆయన వెళ్ళి మెహతా గారితో ఏం చెప్పారో నాకు తెలియదు. ఆవిడ చెప్పులు విడిచి వరండాలోకి వచ్చి, నా ఆకు చూసి, పక్కన స్తంభం దగ్గరున్న ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వెనకాలే మిగతా అయిదుగురూ వచ్చారు.

సరిగ్గా ఒంటిగంటకి పోస్టుమాస్టరు గారు వచ్చారు. స్తంభం దగ్గర చోటు ఆయనది. పదకొండేళ్ళుగా ఆ చోట ఇంకెవరూ కూర్చోలేదని సత్యవతి గారు తర్వాత చెప్పారు. ఆయన గుమ్మంలో ఆగిపోయారు. ఆయన వెనక బ్యాంకు వాళ్ళు, లెక్చరర్లు ఆగిపోయారు. సత్యవతి గారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆయన మాట పట్టింపు మనిషి, కోపం వస్తే వెళ్ళిపోతారని నాకు భయం వేసింది. ఆయన వెళ్ళిపోతే ఆమె మాకు ఇంకో మెతుకు వడ్డించరు.

ఆయన ఆకుల్ని చూశారు, మనుషుల్ని చూశారు, పెరట్లోని చపాతీల్ని చూశారు. సంగతి మొత్తం ఆయనకి అర్థమైపోయింది.

"కాస్త పక్కకి జరగండమ్మా," అన్నారు మెహతా గారితో ఇంగ్లీషులో. ఆవిడ జరిగింది. ఆయన తన చోట్లో కూర్చుని, సత్యవతి గారి వైపు తిరిగి, "వడ్డించండమ్మా, పప్పు చల్లారిపోతోంది. మనవాళ్ళలో కుర్రాళ్ళు ఆ మంచూరియా సంగతి చూస్తారు లెండి," అన్నారు.

బ్యాంకు వాళ్ళు ఆనందంగా బల్లల దగ్గరికి పోయారు. గోబీ మంచూరియా వాళ్ళకి కొత్త. గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవలేదట. వరండాలో మాత్రం పంక్తి గంటన్నర నడిచింది. నా టైంటేబుల్లో భోజనానికి ముప్పావుగంట. పోస్టుమాస్టరు గారు పక్కావిడకి పప్పులో వడియం ఎలా నలుపుకోవాలో నేర్పారు. కందబచ్చలి ఏ నెలలో బాగుంటుందో, కొత్త ఆవకాయ ఎప్పుడు కలుపుతారో, పొద్దున్న దిబ్బరొట్టె మీద చెరుకు పానకం పోసుకుంటే ఎలా ఉంటుందో చెప్పారు. తన చిన్నప్పుడు పాత వంతెన మీద రైలు వెళుతుంటే రైల్లోవాళ్ళు గోదాట్లోకి విసిరిన పైసలు రేవులో ఏరుకోవడం కూడా చెప్పారు. ఆ వంతెన గురించి భాస్కరం గారు పొద్దున్న ఇరవై నిమిషాలు చెప్పారు. ఇప్పుడు మెహతా గారు ఆయన్నే పిలిచి, అది ఎప్పుడు కట్టారని మళ్ళీ అడిగింది. ఆయన నిలబడే చెప్పారు. ఈసారి నోటుబుక్కులోకి ఎక్కింది.

చివర్లో ఆవిడ సత్యవతి గారిని, రేపు ఏం వండుతారని అడిగించింది. పొద్దున్న బజారుకి ఏ కూర వస్తే అదేనండి, ఇప్పుడెలా చెప్తాను అన్నారు సత్యవతి గారు, ఇంకా ముభావంగానే. భాస్కరం గారు అది ఇంగ్లీషులో చెప్పారు. మెహతా గారు నవ్వి, అయితే అది తెలుసుకోవాలంటే రాత్రికి ఇక్కడే ఉండాలన్నమాట అంది. ధవళేశ్వరం వెళ్ళేసరికి ఎండ తగ్గిపోయింది. ఆనకట్ట సగమే చూపించగలిగాం.

ఫ్యామ్ ట్రిప్ అయ్యాక అధికారి మూడు ప్రతుల్లో నివేదిక పంపాలి. అందులో 'లోపాలు' అని ఒక గడి ఉంటుంది. భోజనం ఏర్పాటులో పొరపాటు జరిగిందని, ఆతిథ్యం ఇచ్చినవారికి నేను చేసిన సూచన వల్లే జరిగిందని రాశాను. గుమాస్తా టైపు చేస్తూ, ఇది మనం రాసుకోవడం అవసరమా మేడమ్ అన్నాడు. టైపు చెయ్యి అన్నాను.

మార్చి మూడో వారంలో జవాబు వచ్చింది. ఆరుగురిలో నలుగురు రాజమండ్రిని ఒక రాత్రి హాల్ట్‌గా వేస్తామన్నారు, గైడు పోస్టు ఇంకో ఏడాది పొడిగించారు. భాస్కరం గారు ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి నా బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత, మరి రేపటి బస్సు ఎన్నింటికి మేడమ్ అని అడిగారు. నేను ఆ సాయంత్రమే ఇన్నీసుపేట వెళ్ళి, తప్పు నాదేనండీ అని సత్యవతి గారితో చెప్పాను. ఆమె నెలరోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మజ్జిగ ఇచ్చి, ఆరుగురు వస్తున్నారని మీరు చెప్పి ఊరుకుంటే సరిపోయేదమ్మా అన్నారు.

ఆ తర్వాత పదమూడేళ్ళు సర్వీసు చేశాను, నాలుగు జిల్లాల్లో. ఎన్ని ఫ్యామ్ ట్రిప్పులు నడిపినా, భోజనం పెట్టేవాళ్ళకి రెండే సంగతులు చెప్పాను: ఎంతమంది వస్తారు, ఎన్నింటికి వస్తారు. వచ్చేది ఎవరని అడిగితే, మీ దగ్గర రోజూ తినేవాళ్ళలాంటివాళ్ళేనండి అని చెప్పేదాన్ని.