మొలకెత్తిన పన

తడిసిన వడ్ల బస్తా మూతి విప్పినప్పుడు వచ్చే వాసనను విడదీసి చూస్తే అందులో నాలుగు వాసనలు దొరుకుతాయి: అడుగున బురద, దాని మీద పులిసిన గంజి, ఆ పైన పాతబడిన బెల్లం, అన్నిటికన్నా చివర, ముక్కు దగ్గరగా పెడితేగానీ తెలియనిది, అప్పుడే చీలిన పచ్చి మొలక. ధాన్యం ఆరబెట్టే యంత్రాలు బిగించి బాగుచేసే ఉద్యోగం నాది కాబట్టి కంకిపాడు చుట్టుపక్కల మిల్లుల్లో ఈ వాసన తరచు ఎదురవుతుంది. నాతో వచ్చే మెకానిక్కులు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం పండగ రోజు పొద్దున్నే మెలకువ వచ్చినట్టు గుండె వేగం పెరుగుతుంది. తేమ చూడాల్సిన మీటరు చేతిలో పట్టుకుని, నేను మా ఊరి కాలవ గట్టు మీద ఉంటాను.

మా చర్చి ఆ గట్టు దిగువనే ఉండేది, సున్నం గోడలు, పెంకుల కప్పు, వాన పడితే మూడు చోట్ల కారేది. ఏటా వరి కోతలు మొదలయ్యాక వచ్చే ఒక ఆదివారం అక్కడ కోత పండుగ. అందరూ క్రిస్మస్‌ను పెద్ద పండగంటారుగానీ నా లెక్కలో ఇదే పెద్దది, ఎందుకంటే క్రిస్మస్‌కు కొత్త బట్టలు మాత్రమే వస్తాయి, కోత పండక్కి చర్చిలోకి కోళ్ళు వస్తాయి. ఎవరికి ఏది పండితే అందులో మొదటిది తెచ్చి దేవుడి బల్ల ముందు పెట్టాలి. గుమ్మడికాయలు, కంద దుంపలు, ఆకులతో సహా పీకిన పసుపు, అరటి గెలలు, చెరుకు గడలు, కాళ్ళు కట్టిన పుంజులు, ఒక ఏడు ప్రసంగానికి వాక్యం వాక్యానికీ జవాబు చెప్పిన మేకపిల్ల. ఆరాధన అయ్యాక వీటన్నిటికీ వేలం పాట, ఆ గోలలోనే కొత్త బియ్యపు పరమాన్నం, అరిటాకుల్లో అరిసెలు, చేతుల నిండా నెయ్యి.

ఈ వరసకంతటికీ ముందు నడిచేది మొదటి పన. మా వైపు కోసిన వరిని ఎండటానికి పొలంలో పనలుగా పరుస్తారు. ఊళ్ళో మొదట కోసిన పొలం నుంచి ఒక పన ఎత్తి కట్టగా కట్టి, తల మీద పెట్టుకుని, డోలక్ దెబ్బకు అడుగు కలుపుతూ చర్చి గుమ్మం దాటేది మా నాన్న. మా తాత నుంచి వచ్చిన పని అది. నాన్న నడుస్తుంటే వెన్నులు చెవుల పక్కన ఊగేవి, గింజలు భుజాల మీద రాలేవి, ఆయన గొంతు పాటలో అందరికన్నా ఒక మాట ముందుండేది. పెళ్ళికొడుకు కూడా అంత దర్జాగా నడవగా నేను చూడలేదు.

నేను ఐదో తరగతి చదివే ఏడు తుఫాను సరిగ్గా కోతలయ్యాక వచ్చింది. పనలన్నీ పొలంలోనే ఉన్నాయి. వాన వెలిసేసరికి గట్టుకు ఈ పక్క ఊరు, ఆ పక్క చెరువులాంటి పొలాలు. నీళ్ళు కొంచెం తీశాక చూస్తే వరి మీద పచ్చగా గడ్డి మొలిచినట్టు కనపడింది. దగ్గరికి వెళ్తే అది గడ్డి కాదు, వెన్నుల్లో ఉన్న గింజలే మొలకెత్తాయి. పెద్దవాళ్ళు గట్ల మీద నిలబడి చూస్తుంటే, సిగ్గు లేకుండా మేం పిల్లలం మడుల్లోకి దిగి బుట్టలతో చేపలు పట్టాం. నాకు మోచెయ్యంత కొర్రమీను దొరికింది. దాన్ని బకెట్లో వేసి పెరట్లో దాచుకున్నాను.

నాన్న మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది కౌలు పొలం, అయినా ఆ మాటకు అర్థం నాకప్పుడు పూర్తిగా తెలియదు. నాకు తెలిసిందల్లా ఇంట్లో ఆయన పాట ఆగిపోవడం. పళ్ళు తోముకుంటూ, ఎద్దులకు మేత వేస్తూ, ఆఖరికి గొంతు నొప్పితో కూడా పాడే మనిషి. శనివారం అయ్యగారు వచ్చారు, పాస్టరును మేం అలాగే పిలుస్తాం. పండగ ఆపడం లేదు, రమ్మన్నారు. ఖాళీ చేతులతో ఆ గుమ్మం దాటలేనని నాన్న చెప్పాడు. ఆయన మళ్ళీ చర్చికి వస్తాడా, మళ్ళీ పాడతాడా అన్నదొక్కటే ఆ పూటంతా నన్ను తొలిచిన ప్రశ్న.

ఆదివారం పొద్దున్నే అమ్మ మోకాళ్ళ దాకా బురదతో పొలం నుంచి వచ్చింది. చేతుల్లో ఒక పన. కట్ట పైనంతా పచ్చటి మొలకలు, కింద నల్లబడిన గడ్డి. నాయనమ్మ చూసి నోరు నొక్కుకుంది.

"దేవుడి దగ్గరికి చెడిపోయింది తీసుకెళ్తావటే? మచ్చ లేనిది తేవాలని రాసుండలా?"

"మచ్చ లేనిది మనకి పండలేదత్తా. పండింది ఇదే," అంది అమ్మ.

నాన్న తిరిగి చూడలేదు. అమ్మ ఆగి, ఒక్క క్షణం ఆయన వీపు వైపు చూసి, చీర కొంగు చుట్టగా చుట్టి తల మీద పెట్టుకుని పన ఎత్తుకుంది. మొదటి పన ఆడమనిషి మోయడం మా ఊరు ఎరగదు. గట్టు మీద టీ కొట్టు దగ్గర పదిమంది రైతులు కూర్చుని ఉన్నారు. అందులో ఒక పెద్దాయన, గేదెలకా అమ్మాయ్ అని అడిగాడు.

"కాదు బాబాయ్, దేవుడికి."

"పంట పోయినోళ్ళు ఏడవాలిగానీ పండగేంటే?"

"ఏడుపు నిన్నటితో అయింది బాబాయ్. ఇవ్వాళ పండగ."

 అమ్మ నడక తగ్గించలేదు. నేను వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళాను.

చర్చిలో అందరూ తల వంచుకుని కూర్చున్నారు. బల్ల ముందు కొట్లో కొన్న కొబ్బరికాయలు కొన్ని ఉన్నాయి, అంతే. అమ్మ గుమ్మంలోకి రాగానే డోలక్ వాయించే అబ్బాయికి కొట్టాలో వద్దో తెలియలేదు. అమ్మ చప్పుడు లేకుండానే నడిచి పన దించింది. మొలకలు బల్ల వైపుకు వాలాయి. అయ్యగారు వంగి ఆ మొలకలను ముట్టుకున్నారు. తర్వాత చేతిలో పుస్తకం మూసేశారు.

"అందరూ ఇళ్ళకి వెళ్ళండమ్మా. ఏం మిగిలిందో, ఎట్టా మిగిలిందో, అట్టాగే పట్టుకురండి. పాట మీరొచ్చాక పాడుకుందాం."

మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత చర్చి మొత్తం ఒక్కసారి లేచింది. ముసలివాళ్ళు చెప్పులు మర్చిపోయి గట్టెక్కారు, పిల్లలం జారిపడుతూ లేస్తూ ఉరికాం. బకెట్ కోసం నేను ఇంట్లోకి దూరేసరికి నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు, అప్పుడే అయిపోయిందా అన్నాడు. నేను ఒగరుస్తూనే, దారిలో చూసినవన్నీ వరసగా ఒప్పజెప్పాను, అన్నీ చెడినవే తెస్తున్నారని. ఒక పక్క కుళ్ళిన గుమ్మడికాయ. నల్లబడ్డ మినుములు. కరుణమ్మ గారి ఇంటి కప్పు ఎగిరిపోతే మిగిలిన ఒకే ఒక్క పెంకు. చర్చి పక్కనే కొట్టున్న ఏసోబు అప్పటికే తెచ్చేసిన, నానిపోయిన బీడీ కట్టలు.

"బీడీలా? అయ్యగారి ముందా?"

"బల్ల ముందే పెట్టాడు నాన్నా."

నాన్న భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వు ఆగక మంచం కోడు పట్టుకున్నాడు, గుమ్మంలో నాయనమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత ఆయన మాసిన చొక్కాతోనే లేచి బకెట్‌కు ఒక పక్క పట్టుకున్నాడు, రెండో పక్క నేను. నాయనమ్మ గంజిగిన్నె పక్కన పెట్టి మా వెనకే బయల్దేరింది.

బల్ల ముందు నిలబడి నాన్న చేసిన ప్రార్థన నాకు మాట పోకుండా గుర్తుంది. "ప్రభువా, పంట పోయింది. నువ్వున్నావు. చాలు అనటానికి నాకింకా నోరు రావట్లా. అయినా వచ్చా." ఆమెన్ అనకముందే కొర్రమీను బకెట్లోంచి ఎగిరి బీడీల మీద పడింది. నాన్న దాని మీదికి దూకాడు, అది జారింది, ఏసోబు పట్టుకున్నాడు, మళ్ళీ జారింది, ఆడవాళ్ళు కాళ్ళు ఎత్తి బెంచీలెక్కారు, అయ్యగారు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగారు. చేపను రెండు చేతులా గుండెకు అదుముకుని, బురద చొక్కాతో, నాన్న అక్కడే పాట ఎత్తుకున్నాడు. డోలక్ ఆయన్ను అందుకోవడానికి పరుగెత్తింది. ఆ పాటలో ఆయన గొంతు రెండుసార్లు విరిగింది, విరిగిన చోట అందరూ అందుకున్నారు. అంతమంది సంతోషాన్ని ఒకే కప్పు కింద నేను మళ్ళీ వినలేదు. ఆ ఏడు వేలం లేదు, ఆ చేపతో, మంచిగా ఉన్న సగం గుమ్మడికాయతో అయ్యగారి భార్య వండిన పులుసు అందరం అరచేతుల్లో వేసుకుని తిన్నాం.

పంట తిరిగి రాలేదు. మర్నాడు నాన్న మళ్ళీ గోడవైపే తిరిగాడు, కానీ ఎక్కువసేపు కాదు. వేసవిలో పొలం వదిలేసి విజయవాడ వచ్చాం, ఆయన ఆటోనగర్‌లో లారీల షెడ్డులో చేరాడు, పదో తరగతి అయ్యాక నేను పాలిటెక్నిక్‌లో. ఇప్పుడు పొలాల్లో పనలు లేవు, కోత యంత్రం వరిని మింగి అక్కడికక్కడే గింజలు కక్కుతుంది. గట్టు దిగువ చర్చి పడగొట్టి రెండంతస్తులు కట్టారు. మా సిటీ చర్చిలోనూ కోత పండుగ చేస్తారు, బల్ల ముందు స్టిక్కరు ఊడని ఆపిల్ పళ్ళు, పప్పు ప్యాకెట్లు, కేకులు, డబ్బు పెట్టి మూత అంటించిన కవర్లు. ఒక్కటీ చెడినది ఉండదు. ఎవరి ఉద్యోగం పోయిందో, ఎవరికి ఏ రిపోర్టు వచ్చిందో ఆ బల్ల చూసి చెప్పలేం.

మొన్నటి పండక్కి కానుకలిచ్చిన వాళ్ళ పేర్లు కమిటీ పెద్ద చదువుతుండగా, నాన్న నా పక్క నుంచి లేచి గోడ తడుముకుంటూ ముందుకు వెళ్ళి మైకు అందుకున్నాడు. ఈ ఏడు ఎడమ కన్ను పూర్తిగా పోయిందండీ, దేవుడికి అదే చెప్పుకుందామని వచ్చానండీ అన్నాడు. ఇంకెవరికి ఏం పోయిందో రండి, కలిసి పాడదాం అన్నాడు. కమిటీ పెద్ద మైకు కోసం మర్యాదగా చెయ్యి చాచాడు. నాన్న ఇవ్వలేదు. వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది, ఎవరో ఒకావిడ లేచి నడిచి వస్తోంది.