ముళ్లచెట్టుకు కాసిన ఉసిరికాయలు

ఆ రోజుల్లో అడవిలో ఉద్యోగం చేసేవాడికి చెట్లన్నీ తెలుసని పట్నం వాళ్లు నమ్మేవారు. నేనూ నమ్మాను, అదే నా ఖర్మ. జనగామలో మా బాపుకు కిరాణా కొట్టు. గల్లా ముందు కూర్చోలేక పారిపోయి అడవి నడుమనున్న కొత్తగూడ బడిలో పంతులుగా చేరిన నేను, ప్రతి ఉత్తరంలోనూ అడవిని తెగ పొగిడేవాణ్ని (బాపు వెనక్కి పిలుస్తాడేమోనని భయం). ఆ ఊపులోనే, చెరువు పక్కన పెద్ద ఉసిరిచెట్టు ఉందనీ, దాని కింద కూర్చుంటే లేవబుద్ధి కాదనీ రాసి పారేశాను. అలాంటి చెట్టును నేను చూసిన పాపాన పోలేదు.

జవాబు వెంటనే వచ్చింది. ఈసారి కార్తీక వనభోజనాలు నా ఉసిరిచెట్టు కిందేనట. ఆదివారం అందరూ వస్తున్నారట. నాయినమ్మ పొద్దున్నుంచి ఒక్కపొద్దుండి, ఉసిరినీడలోనే విస్తరి ముడుతుందట. కింద బాపు రాత: "జాగ మంచిగుంటె ఉండు. లేకుంటె సామాన్లు కట్టుకొని మాతోనే రా."

శనివారమంతా చెరువు చుట్టూ తిరిగాను. ఉసిరిచెట్టు కనబడలేదు (కనబడినా గుర్తుపట్టేవాణ్ని కాదు, అది వేరే సంగతి). చివరికి సన్నని ఆకులున్న చెట్టొకటి నచ్చింది. ఆదివారం తెల్లవారగానే, అంగట్లో కొన్న ఉసిరికాయల్ని, ఇంటి నుంచి వచ్చిన పప్పుల మూటకున్న సుతిలి తాడు విప్పి, దాంతో కొమ్మలకు కట్టాను. చెట్టు నిండా ముళ్లు. చేతులు గీరుకుపోయి మండుతున్నా, దూరంగా నిలబడి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఉసిరికాయలు కొమ్మను అంటుకుని కాస్తాయని నాకేం తెలుసు? నావి జుంకాల్లా వేలాడాయి.

మావాళ్లు మానుకోట దాకా రైల్లో, ఆపైన బస్సులో వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మా ఇంటి పిల్లలు నీళ్లలో ఆటకు దిగారు. అమ్మ మూడు రాళ్ల పొయ్యి వెలిగించింది. బాపు ధోతి ఎగగట్టి మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పిల్లలు నీళ్లు చల్లితే పకపకా నవ్వాడు. ఆయన అంత నవ్వగా చూడటం నాకదే మొదలు. విస్తర్లు వేస్తుండగా నాయినమ్మ చెట్టుకు పసుపు కుంకుమ పెట్టబోయి, ఒక కొమ్మ దగ్గర ఆగింది. నన్ను సైగ చేసి పిలిచింది.

"ఉసిరికి ముండ్లుంటయారా?" అంది మెల్లగా. కాయకున్న ముడిని తడిమింది. అచ్చం మా కొట్లో పొట్లాలకు వేసే ముడే. "కొట్ల ఉన్నన్ని దినాలు ఒక్క పొట్లం సక్కగ కట్టకపోతివి. ఈడ కట్టినవా?"

"నన్ను తీస్కపోవద్దని చెప్పు నాయినమ్మా," అన్నాను. ఇక్కడి పిల్లలకు ఇప్పుడిప్పుడే అక్షరాలు వస్తున్నాయనీ, నాకిక్కడ ప్రాణం హాయిగా ఉందనీ గబగబా చెప్పేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా.

ఇంతలో బాపు గట్టెక్కి వచ్చి, తల పైకెత్తి చూశాడు. "గా కాయలేంది, గట్ల ఏలాడుతున్నయి? గిది ఉసిరేనా అమ్మా?"

నాయినమ్మ ఆ కాయను తెంపి, సుతిలిని కొంగులో దాచి, విస్తరి ముందు కూర్చుంది. "అడివి ఉసిరి గిట్లనే కాస్తది. కొట్ల కూసునెటోనివి, నీకేమెరుక? పిల్లగాడు ఈడ మంచిగున్నడు, ఉండనియ్. అన్నం పెట్టున్రి, ఆకలైతాంది."

ఒక్కపొద్దున్న మనిషి, దేవుడికి దండం పెట్టిన చేత్తోనే, నాకోసం వ్రతం పోగొట్టుకుని అన్నం కలిపింది. బాపు మళ్లీ సామాన్ల మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఉసిరిచెట్టును అల్లంత దూరం నుంచే గుర్తుపడతాను. చెట్టు పేరు ఎవరైనా అడిగితే, తెలిస్తేనే చెబుతాను, లేకపోతే తెలియదంటాను. అప్పటి ఆ కుర్ర పంతులయితే నిమిషంలో పేరు చెప్పేసి, తెల్లారేసరికి కాయలు కూడా కాయించేవాడు.