తారుమారైన వేళ్లు

ధర్మవరంలో మా ఇంట్లో రెండు మగ్గాలుండాయి. ఒకదాని మీద నేను, ఇంకోదాని మీద నా భార్య పట్టుచీరలు నేస్తాం. బీరువాకు కొత్త అద్దం బిగిస్తాంటే అది పగిలి నా కుడి మణికట్టు తెగింది. అనంతపురం ఆసుపత్రిలో నరం కూడా తెగిందని చెప్పి, డాక్టరమ్మ దాన్ని కలిపి కుట్టినారు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారిపోయినాయి. గిల్లినా తెలిసేది కాదు.

నెలలు గడిచినాక స్పర్శ తిరిగొచ్చింది. కానీ అది వచ్చిన తీరే నాకు అర్థం కాలేదు. వేడి టీ గ్లాసు బొటనవేలికి ఆనితే నడిమి వేలు చురుక్కుమనేది. తెగిన పట్టుపోగు చూపుడు వేలి కింద ఉంటే, నేను పక్క వేలి కింద వెతికేవాణ్ణి. కండ్లు ఒకటి చెప్తాయి, చెయ్యి ఇంకోటి చెప్తాది. దేన్ని నమ్మాల? మతి పోతాండాదేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు. పోగు ముడెయ్యలేక మగ్గం ముందర ఊరికే కూర్చోనుంటే నా భార్యే కనిపెట్టింది.

ఇద్దరం బస్సెక్కి మళ్లీ ఆసుపత్రికి పోయినాం. తెగిన నరం కొన మెల్లగా ముందుకు పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పినారు. ఆ కొన మీద రిసెప్టర్లనే ప్రోటీన్లు ఉంటాయంట. చుట్టూ ఉన్న కణాలు ఇచ్చే గుర్తులను అవే పట్టుకుంటాయి. కొన్ని గుర్తులు రమ్మంటాయి, కొన్ని వద్దంటాయి. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు నరాలు అట్లే తమ చోటు చేరుకుంటాయంట.

"కడుపులో చక్కగా పోయిన నరం ఇప్పుడెందుకు దారి తప్పింది, మేడం?" అని నా భార్య అడిగింది.

అప్పుడు ఒక్కో గుర్తూ వేళకు అందేదని, ఇప్పుడు తెగినచోట నరంలోని సన్నటి పోగులన్నీ ఒక్కసారిగా బయలుదేరి కొన్ని పక్క వేలి దారిలో పడినాయని ఆమె చెప్పినారు. నేను తలూపినాను గానీ సగం కూడా ఎక్కలేదు.

"వేళ్లది తప్పు కాదన్నా. ఏ కబురు యాడ నుంచి వస్తాందో మీ మెదడు మళ్లీ నేర్చుకోవాల," అన్నారు.

అందుకని ఒక అభ్యాసం చెప్పినారు. మధ్యాహ్నం అన్నాలైనాక నేను కండ్లు మూసుకుంటే నా భార్య ఒక వేలు పట్టుకుని ఏదని అడిగేది. నేను నడిమిదంటే ఆమె చూపుడు వేలనేది. ఎన్నాళ్లు చేసినా అంతే. ఒకరోజు విసుగొచ్చి, కావాలనే నన్ను తికమక పెడతాండావని ఆమె మీద అరిచినాను.

ఆమె నా వేలు వదిలేసింది.

"నన్ను నమ్మొద్దు. నీ ఎడమ చేత్తో నువ్వే పట్టుకుని చూడు," అనింది.

కండ్లు మూసుకుని చూపుడు వేలు పట్టుకున్నాను. పట్టుకున్న చెయ్యి అది చూపుడు వేలే అంటాంది. పట్టుబడిన చెయ్యేమో, కాదు, నడిమిదంటాంది. రెండూ నా చేతులే. ఏడుపొచ్చింది. ఆమె నా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు మళ్లీ నేస్తాండాను. బొటనవేలు దారికొచ్చింది. తక్కిన రెండూ ఇంకా తారుమారైతానే ఉంటాయి. మొన్న ముళ్లకంప కొడతాంటే ముల్లు గుచ్చుకుంది. నడిమి వేలంతా తడుముకున్నాను, ఏమీ దొరకలేదు. నా భార్య పిన్నీసు తెచ్చి, నన్నేమీ అడగకుండా, నెత్తురొస్తాండే వేలు చూసి ముల్లు తీసింది.