ఆ ఇంట్లో ఎవరూ అనని మాట నా టూల్ రాసింది

2024, వానలు అప్పుడే మొదలయ్యాయి. పోర్ట్ బ్లెయిర్ శివార్లలోని ఆస్టినాబాద్‌లో, మా ఇంటి వెనక గదిలో కూర్చుని, పనులు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి సొంతంగా తయారుచేసుకున్నాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ వడ్రంగం చేశాడు. నాకు చెక్కపని చేతకాదు గానీ కోడ్ రాయడం వచ్చు. నాది ఫ్రీలాన్స్ పని. అంటే ఒక ఆఫీసుకు కట్టుబడకుండా ఆన్‌లైన్‌లో దొరికిన పని దొరికినట్టు చేసుకోవడం. ఇందులో సగం ప్రాణం పని చేయడానికి కాదు, పని వెతకడానికే పోతుంది. దానికి తోడు మా దీవుల ఇంటర్నెట్. సముద్రం అడుగున కేబుల్ వేశాక బాగుపడిందంటారు, నిజమే, కానీ గట్టి వాన పడితే పాత బుద్ధి చూపిస్తుంది. నెట్ తిరిగొచ్చి చూసేసరికి మంచి పనులన్నీ ఎవరో ఒకరు ఎగరేసుకుపోయి ఉంటారు.

ఆ ఒళ్లుమంటతో చేసిందే నా టూల్. ఈమెయిల్‌తో అప్లై చేసుకోమనే ప్రకటనలను అది ఏరుకొస్తుంది, మనకు సరిపడనివి తీసేస్తుంది, మిగిలినవాటికి ప్రపోజల్ రాస్తుంది. ఈ పనికి నేనే ఎందుకు తగుతానో చెప్పుకునే చిన్న ఉత్తరాన్ని మా వాడుకలో ప్రపోజల్ అంటాం. రాసే బాధ్యత ఒక ఏఐ మోడల్‌కు ఇచ్చాను. చివర్లో ఆటో-సెండ్ పెట్టాను. అంటే నన్ను అడగకుండా అదే పంపేస్తుంది. టూల్ నడిచేది మెయిన్‌ల్యాండ్‌లోని సర్వర్ మీద కాబట్టి ఇక్కడ నెట్ చచ్చినా అక్కడ పని ఆగదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పుడే రత్నం వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న అమ్మాయి. ఇల్లు హార్బర్ అవతల, బాంబూఫ్లాట్‌లో. చేపల వేట మీద బతికే కుటుంబం. తండ్రి లేడు, తల్లి ఎల్లమ్మతో ఉంటుంది. రత్నం జెట్టీ దగ్గర మందుల షాపులో బిల్లులు కొట్టేది. ఆ షాపు మూసేస్తున్నారు. వైజాగ్‌లో ఉన్న బంధువులు అక్కడ ఉద్యోగం చూసిపెట్టారు, కానీ తల్లి ఇల్లు కదలనంటోంది. ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఏదైనా నెలాఖరులోగా దొరక్కపోతే తల్లిని ఒంటరిగా వదిలి ఓడెక్కాల్సిందే.

రత్నం హిందీలోనూ ఇంగ్లిష్‌లోనూ చదువుకుంది. తెలుగు ఇంట్లో గలగలా మాట్లాడుతుంది గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. అందుకని తన గురించి, ఇంటి గురించి తెలుగులోనే ఫోన్లో మాట్లాడి, రికార్డు చేసి పంపమన్నాను. చాలాసేపే మాట్లాడింది. నేను మొదటి కాస్త విని, గొంతు బాగుందే అనుకుని, మిగతాదంతా టూల్‌కు అప్పగించేశాను.

వారం తిరగకుండానే ఒక సంస్థ నుంచి జవాబు వచ్చింది. చేపల వేటకు వెళ్లే తెలుగువాళ్ల కోసం తుఫాను హెచ్చరికలను వాళ్ల యాసలోనే రికార్డు చేయిస్తున్నారట. చాలా నెలల పని, ఇంటినుంచే చేసుకోవచ్చు. ఎగిరి గంతేయాల్సిన జవాబే. కానీ దాని మొదటి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. 'మీ తమ్ముడి మరణానికి మా ప్రగాఢ సానుభూతి' అని ఉంది.

తమ్ముడి మరణమేమిటి? గబగబా మా టూల్ పంపిన ప్రపోజల్ తెరిచాను. 'నా తమ్ముడు సముద్రంలో చనిపోయాడు. హెచ్చరిక ఆలస్యమైతే ఒక కుటుంబం ఏం పోగొట్టుకుంటుందో నాకు తెలుసు' అని శుభ్రమైన ఇంగ్లిష్‌లో రాసి, కింద రత్నం పేరు పెట్టింది. ఏఐ మోడళ్లు ఒక్కోసారి లేనిదాన్ని ఉన్నట్టు ధీమాగా చెబుతాయి, దాన్నే హాలూసినేషన్ అంటారు. తెలిసిన సంగతే. కానీ ఒక ఉద్యోగం కోసం బతికున్న కుర్రాడిని చంపేస్తుందని ఎవరనుకుంటారు?

ఫోన్ చేస్తే కలవలేదు. గొడుగు పట్టుకుని ఫెర్రీ ఎక్కాను. దారి పొడుగునా ఆ పిల్లకు ఎలా చెప్పాలా అన్నదే ఆలోచన.

రత్నం వాకిట్లోనే ఉంది. మెషిన్ పెద్ద అబద్ధం రాసిందనీ, వెంటనే దిద్దుకుందామనీ చెప్పి ఫోన్ చేతికిచ్చాను. చదివింది. మెట్టు మీద కూర్చుని మళ్లీ చదివింది.

"అబద్ధం కాదు భయ్యా," అంది చివరికి. "ఆడు వేటకెళ్లాడు. తుఫాను కబురు లేటుగా వచ్చింది. బోటు దొరికింది, ఆడు దొరకనేదు. కొన్నేళ్లయిపోయింది. మా ఇంట్లో అభీ తక్ ఇంకా రానేదనే అంటాం. నీకు పంపిన దాంట్లో కూడా నేనదే అన్నాను. నీ మెషిన్ ఏటని రాసింది?"

తలెత్తి చూస్తే లోపల గోడమీద కుర్రాడి ఫొటో ఉంది. దండ లేదు. ఎక్కడో ఓడమీద పనిచేస్తున్నాడు కాబోలని ఇదివరకు వచ్చినప్పుడు అనుకుని ఊరుకున్నాను. ఎల్లమ్మ ఎందుకు ఇల్లు కదలదో కూడా రత్నం అప్పుడే చెప్పింది. "తాళమేసుంటే ఆడొచ్చి తిరిగెళ్లిపోతాడంటాది."

రత్నం పంపిన వాయిస్ నోట్ ఆ మెట్టు మీదే కూర్చుని మొదటిసారి పూర్తిగా విన్నాను. నిజంగానే 'ఇంకా రాలేదు' అనే ఉంది. సముద్రం, తుఫాను, ఏళ్లు, రాని మనిషి. నా టూల్ అన్నీ కలిపి చూసుకుని చనిపోయాడని తేల్చేసింది. ఎవరైనా అలాగే తేలుస్తారు, నేనైనా సరే. అబద్ధమైతే దిద్దేసి బయటపడేవాణ్ని. ఇది అబద్ధం కూడా కాదు. ఆ ఇంట్లో, ఆ వీధిలో ఇన్నేళ్లుగా ఎవరూ నోటితో అననిదాన్ని నేను చేసిన వస్తువు ముక్కూమొహం తెలియని వాళ్లకు రాసి పంపేసింది.

ఎల్లమ్మ టీ తెచ్చింది. ఆమెకు తెలుగూ హిందీ రెండూ వచ్చు. అందుకని రత్నం చప్పున ఇంగ్లిష్‌లోకి మారిపోయింది. తమ్ముడు చనిపోలేదనీ, ఆ వాక్యం తీసేయమనీ వాళ్లకు రాయమంది. నేను తటపటాయించాను. ప్రపోజల్‌లో తప్పుందని మనమే చెబితే మొత్తం అబద్ధమనుకుని పని ఇవ్వకపోవచ్చు, కాంట్రాక్టు చేతికొచ్చాక నెమ్మదిగా చెబుదామన్నాను. నెలాఖరు దగ్గర పడిందని కూడా గుర్తుచేశాను.

తల్లి లోపలికి వెళ్లేదాకా ఆగి, రత్నం మళ్లీ తెలుగులో అంది: "ఆడు పోయాడన్న మాట మీద వచ్చిన పని, మాయమ్మ ఎదురుగా కూర్చుని ఎలా చేస్తాను భయ్యా? పోతే పోనీ." ఫోన్ నా చేతిలో పెట్టింది. "నేనెప్పుడూ అనుకోనేదని కాదు. పైకి అననేదు, అంతే."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను. తమ్ముడు వేటకు వెళ్లాడు, ఇంకా రాలేదు, మరణమని రాసింది సాఫ్ట్‌వేర్, సానుభూతి వెనక్కి తీసుకోండి అని. అటునుంచి వచ్చిన జవాబు పొట్టిగా ఉంది. క్షమించమన్నారు. మీరెలా అంటే అలాగే, గొంతు నమూనా పంపండి అన్నారు.

ఆ సాయంత్రమే ఆటో-సెండ్ పీకేశాను. ఇప్పుడు నా టూల్ రాసిన ప్రతి ప్రపోజల్‌నూ, ఎవరి పేరుతో వెళ్లాలో ఆ మనిషికి వాళ్ల భాషలో చదివి వినిపించాకే పంపుతాను. నెట్ పోయి, ఆలస్యమై, కొన్ని పనులు చేజారుతున్నాయి. జారనీ. ఒక మనిషి బతుకులో ఏది తేలిపోయిందో, ఏది ఇంకా తేలలేదో చెప్పాల్సింది ఆ మనిషే. ఎంత తెలివైనదైనా నా టూల్‌కు ఆ హక్కు లేదు, దాన్ని తయారుచేసిన నాకూ లేదు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న వాటిలో ఇంత భయపడి నేర్చుకున్నది ఇంకోటి లేదు.

పని రత్నానికే ఇచ్చారు. ఆ నమూనా రికార్డు చేసినప్పుడు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, తెలుగు హెచ్చరికను ఆమె కోసం హిందీ అక్షరాల్లో రాసిచ్చాను. మొదట పాఠం అప్పజెప్పినట్టు చదివింది. 'సముద్రంలో ఉన్నోళ్లందరూ ఎంటనే ఒడ్డుకి వచ్చేయండి' అన్న దగ్గర ఆగిపోయింది. కాగితం పక్కనబెట్టి, ఎవరినో పిలుస్తున్నట్టు మళ్లీ అంది.

వంటింటి గుమ్మంలోకి ఎల్లమ్మ వచ్చి నిలబడింది. రికార్డింగ్ నడుస్తోంది, మాట్లాడొద్దని చెయ్యెత్తబోయి దించేశాను.

"ఇంకొంచెం గట్టిగా అనవే," అంది ఆమె కూతురితో. "గాల్లో ఆడికి ఇనపడదు."

రత్నం గట్టిగా అంది. మేము పంపింది ఆ రికార్డింగే.